సర్వీస్ పడుతోంది, లేస్తోంది, ఆగడం లేదు: రీస్టార్ట్ కౌంటర్ 41 వేలు దాటింది

చిరుదీపం | సోమవారం రాత్రి 8:05

అందరికీ నమస్కారం. ఉబుంటు 22.04 సర్వర్ మీద నేను రాసుకున్న పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్‌గా నడుస్తోంది. యూజర్లు అప్‌లోడ్ చేసిన ఫొటోలను క్యూలోంచి తీసుకుని చిన్న సైజు కాపీలు తయారు చేయడం దాని పని. ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు.

ఇవాళ సాయంత్రం డిస్క్ 96 శాతం నిండిందని అలర్ట్ వస్తే లాగిన్ అయ్యాను. ఈ సర్వీస్ ఆరు సెకన్లకోసారి చచ్చి మళ్లీ పుడుతోంది. ఇప్పుడే చూసిన లాగ్ వరుస ఇది: "షెడ్యూల్డ్ రీస్టార్ట్ జాబ్, రీస్టార్ట్ కౌంటర్ ఈజ్ ఎట్ 41226".

ప్రాసెస్ ఐడీ దొరికినప్పుడల్లా కిల్ కొట్టాను. మైనస్ 9 పెట్టి కూడా కొట్టాను. కాసేపటికి ఇంకో ఐడీతో వచ్చేస్తోంది. సర్వీస్‌ను డిసేబుల్ చేశాను, అయినా ఆగలేదు. క్యూలో ఫొటోలు పేరుకుపోతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. మెమరీ చాలక కెర్నల్ చంపేస్తోందని నా అనుమానం. ఒకసారి సర్వర్ రీబూట్ చేసేయనా?

పాతకీలు | రాత్రి 8:12

రీబూట్ వద్దండీ. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆధారాలు కొన్ని దానితో పోతాయి.

ముందు ఆ 41226 అనే అంకె, దాన్ని చూసిన టైమ్ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. సర్వీసులను లేపి, ఆపి, కాపలా కాసే ప్రోగ్రామ్ పేరు సిస్టమ్‌డీ; దానికి ఆదేశాలిచ్చే సిస్టమ్‌సీటీఎల్ షో కమాండ్‌తో 'ఎన్‌రీస్టార్ట్స్' అనే ప్రాపర్టీ అడిగినా అదే అంకె ఇస్తుంది. సర్వీస్‌ను ఆపి మీరు చేత్తో స్టార్ట్ చేస్తే అది సున్నా నుంచి మొదలవుతుంది. రాసుకున్నాక సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఇవ్వండి. కిల్ కాదు, స్టాప్.

మీరు కిల్ కొట్టినప్పుడు సిస్టమ్‌డీకి కనిపించేది "ప్రోగ్రామ్ చచ్చిపోయింది" అన్న సంగతి ఒక్కటే. చచ్చినప్పుడు లేపమని యూనిట్ ఫైల్లో (సర్వీస్ ఎలా నడవాలో రాసే ఫైల్) మీరే చెప్పారు కాబట్టి లేపుతోంది. స్టాప్ అంటే "ఇక దీన్ని ఆపు" అని సిస్టమ్‌డీకే నేరుగా చెప్పడం. అప్పుడు రీస్టార్ట్ నియమం వర్తించదు. డిసేబుల్ పని వేరు. బూట్ అయినప్పుడు దానంతట అది మొదలవ్వకుండా లింక్ తీసేస్తుంది, ఇప్పుడు నడుస్తున్న దాని జోలికి పోదు.

ఆగాక సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ ఇచ్చి యూనిట్ ఫైల్ ఇక్కడ పెట్టండి. సిస్టమ్‌డీ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఈ సర్వీస్‌కు సంబంధించిన చివరి 20 వరుసలు కూడా కావాలి.

చిరుదీపం | రాత్రి 8:26

స్టాప్ ఇవ్వగానే ఆగిపోయింది. ఊపిరి పీల్చుకున్నాను, చాలా థాంక్స్ అండీ. యూనిట్ ఫైల్లో ముఖ్యమైన వరుసలు ఇవి:

[యూనిట్]
ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్
ఆన్‌ఫెయిల్యూర్=మెయిల్-అలర్ట్.సర్వీస్

[సర్వీస్]
టైప్=సింపుల్
యూజర్=ఫొటోపని
రీస్టార్ట్=ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్=5
స్టాండర్డ్‌అవుట్‌పుట్=నల్
స్టాండర్డ్‌ఎర్రర్=నల్

జర్నల్లో ప్రోగ్రామ్ సొంత మాట ఒక్కటీ లేదు. "మెయిన్ ప్రాసెస్ ఎగ్జిటెడ్, కోడ్=ఎగ్జిటెడ్, స్టేటస్=1" అని, కింద "ఫెయిల్డ్ విత్ రిజల్ట్ ఎగ్జిట్-కోడ్" అని, మళ్లీ స్టార్టెడ్ అని. ఇవే తిరిగి తిరిగి ఉన్నాయి.

డిస్క్ ఎందుకు నిండిందో మాత్రం తెలిసింది. ప్రోగ్రామ్ మొదలవగానే టెంప్ డైరెక్టరీలో ఒక పని ఫోల్డర్ పెట్టుకుంటుంది, సవ్యంగా ముగిస్తేనే తుడుస్తుంది. అక్కడిప్పుడు 41 వేల పైచిలుకు ఫోల్డర్లున్నాయి. ఒక్కోటి దాదాపు 300 కిలోబైట్లు, మొత్తం 12 జీబీ.

నాకు అర్థం కానిది ఇంకోటి ఉంది. సర్వీస్ ఫెయిలైతే మెయిల్ రావాలని ఆన్‌ఫెయిల్యూర్ పెట్టాను కదా. ఇన్ని వేలసార్లు ఫెయిలైతే ఒక్క మెయిల్ కూడా రాలేదేం?

రాత్రికాపలా | రాత్రి 8:41

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

రీస్టార్ట్ పెట్టిన సర్వీస్ ఒకసారి పడినంత మాత్రాన సిస్టమ్‌డీ దాన్ని 'ఫెయిల్డ్' స్థితిలో వేయదు. "మళ్లీ లేపబోతున్నాను" అనే స్థితిలో ఉంచుతుంది. స్టేటస్‌లో 'యాక్టివేటింగ్, ఆటో-రీస్టార్ట్' అని కనిపించేది అదే. లేపే ప్రయత్నాలకు ఉన్న పరిమితి దాటి, ఇక నా వల్ల కాదని వదిలేసినప్పుడే ఫెయిల్డ్ అవుతుంది. ఆన్‌ఫెయిల్యూర్ కదిలేది కూడా అప్పుడే. మీ సర్వీస్ ఆ పరిమితిని ఎప్పుడూ తాకలేదు, అందుకే మెయిల్ రాలేదు.

ఎందుకు తాకలేదంటే లెక్క చూడండి. మీరేమీ చెప్పకపోతే సిస్టమ్‌డీ 10 సెకన్లలో 5 సార్లు స్టార్ట్ చేయనిస్తుంది, ఆరోసారి ఒప్పుకోదు. రీస్టార్ట్‌సెక్ డీఫాల్ట్ 100 మిల్లీసెకన్లే కాబట్టి మొదలవగానే చచ్చే ప్రోగ్రామ్ క్షణంలో ఆ పరిమితికి తగులుతుంది. మీరు రీస్టార్ట్‌సెక్ 5 పెట్టారు. సర్వర్‌ను కాస్త కనికరిద్దామనే పెట్టి ఉంటారు, తప్పుగా అనడం లేదు. కానీ 5 సెకన్ల విరామం, దాని మీద ప్రోగ్రామ్ బతికే సెకను పైన కొంత. పది సెకన్లలో రెండుసార్లకు మించి మొదలయ్యే వీలే లేదు. ఐదు దాటేదెప్పుడు? అలా పెడితే నెలరోజులైనా తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో మాట. రీస్టార్ట్‌సెక్ ముట్టుకోకపోయినా, మూడు సెకన్లు నడిచి చచ్చే ప్రోగ్రామ్‌కు ఈ డీఫాల్ట్ పరిమితి పనిచేయదు. విరామం, ప్రోగ్రామ్ బతికే సమయం కలిపి, ఎన్నిసార్లు అనుమతిస్తున్నామో ఆ అంకెతో గుణించండి. స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్ (ప్రయత్నాలను లెక్కపెట్టే వ్యవధి, పైన చెప్పిన 10 సెకన్లు) దానికంటే పెద్దగా ఉండాలి. లేకపోతే అది ఉన్నా లేనట్టే.

మెమరీ అనుమానం వదిలేయొచ్చు. కెర్నల్ చంపి ఉంటే 'కోడ్=కిల్డ్, స్టేటస్=9' అని ఉండేది, జర్నల్‌సీటీఎల్ మైనస్ కే ఇస్తే 'అవుట్ ఆఫ్ మెమరీ' వరుస కూడా కనిపించేది. మీ ప్రోగ్రామ్ 1 అనే కోడ్‌తో తనంతట తానే బయటికి వస్తోంది. దానికి ఏదో నచ్చలేదు. ఏం నచ్చలేదో చెబుతూనే ఉండి ఉంటుంది, స్టాండర్డ్‌ఎర్రర్‌ను నల్‌లోకి (రాసింది మాయమయ్యే చోటుకు) పంపడం వల్ల ఆ మాట మీకు చేరలేదు.

గణితప్రియ | రాత్రి 8:58

రాత్రికాపలా గారి లెక్కనే వెనక్కి నడిపి చూశాను. ఇలాంటప్పుడు చివరిసారి ఎందుకు పడిందనే దానికంటే మొదటిసారి ఎప్పుడు పడిందనేదే ఎక్కువ పనికొస్తుంది.

ఒక్కో చుట్టు 6.2 సెకన్లు అనుకుందాం. 41,226 చుట్లకు దాదాపు 2,55,600 సెకన్లు, అంటే 71 గంటలు. మీరు అంకె చూసింది సోమవారం రాత్రి 8కి. అక్కడి నుంచి 71 గంటలు వెనక్కి వెళితే శుక్రవారం రాత్రి 9 ప్రాంతం.

టెంప్ ఫోల్డర్లు ఇంకా తుడవలేదు కదా? వాటిని తేదీ వరసలో పెట్టి అన్నిటికంటే పాతది ఏ టైమ్‌దో చూడండి. నా లెక్క సరైతే అదీ శుక్రవారం రాత్రే ఉండాలి. అది తేలాక వార్ లాగ్ కింద ఉండే ఆథ్ లాగ్ ఫైల్ తెరిచి ఆ టైమ్ దగ్గర ఏమున్నాయో చూడండి. అడ్మిన్, అంటే రూట్, అధికారం ఇచ్చే సుడో పెట్టి ఎవరు ఏ కమాండ్ ఇచ్చారో అందులో ఉంటుంది.

ఎర్రమందారం | రాత్రి 9:10

పరిమితి గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. నేను కావాలనే స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్ సున్నా పెట్టి పరిమితి ఎత్తేస్తాను. ఎందుకంటే ఒకప్పుడు మా డేటాబేస్ రాత్రి పూట మెయింటెనెన్స్ కోసం పది నిమిషాలు ఆగేది. దాన్ని వాడే సర్వీస్ క్షణాల్లో ఐదుసార్లు ప్రయత్నించి, పరిమితి తగిలి శాశ్వతంగా పడుకుంది. డేటాబేస్ తిరిగొచ్చినా ఇది లేవలేదు. పొద్దున్న ఏడింటికి మనిషి వచ్చి లేపేదాకా పని ఆగిపోయింది. ఆగకుండా ప్రయత్నించే సర్వీస్ కంటే నిశ్శబ్దంగా చచ్చి పడున్న సర్వీసే నాకు ఎక్కువ భయం.

రాత్రికాపలా | రాత్రి 9:24

మీ భయం న్యాయమైనదే. అయితే చిరుదీపం గారి సర్వీస్ మూడు రోజులుగా చేసింది కూడా నిశ్శబ్దంగా చచ్చి పడుండటమే. ఒక్క ఫొటో కూడా తయారవలేదు, ఎవరికీ తెలియలేదు.

పరిమితిని ఎత్తేసే బదులు సాగదీయండి. రీస్టార్ట్‌సెక్ 30, ఇంటర్వల్ ఒక గంట, బర్స్ట్ (అనుమతించే ప్రయత్నాల సంఖ్య) 40 అని పెట్టారనుకోండి. ఒక్కో చుట్టు 31 సెకన్లు, నలభై ప్రయత్నాలకు ఇరవై నిమిషాల పైన పడుతుంది. మీ పది నిమిషాల మెయింటెనెన్స్‌ను తేలిగ్గా దాటేస్తుంది. ఇరవై నిమిషాలైనా లేవలేదంటే అది మనిషి చూడాల్సిన సంగతి. ఫెయిల్డ్ అవుతుంది, ఆన్‌ఫెయిల్యూర్ కదులుతుంది, మెయిల్ వస్తుంది.

సిస్టమ్‌డీ 254 లేదా ఆపైది ఉన్నవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. రీస్టార్ట్‌స్టెప్స్, రీస్టార్ట్‌మ్యాక్స్‌డిలేసెక్ అని రెండు వచ్చాయి, రెండూ కలిపే పెట్టాలి. మొదట 5 సెకన్లు ఆగి, ప్రతి ప్రయత్నానికీ విరామం పెంచుకుంటూ పోయి మీరు చెప్పిన గరిష్ఠం దగ్గర నిలబడుతుంది. ఉబుంటు 24.04లో ఉన్నది 255 కాబట్టి పనిచేస్తుంది. 22.04లో ఉన్నది 249, డెబియన్ 12లో 252. వాటిలో ఇవి లేవు.

పాతకీలు | రాత్రి 9:31

ఈ చర్చ చూస్తే పాత రోజులు గుర్తొచ్చాయి. సిస్టమ్‌డీ రాకముందు ఇనిట్‌ట్యాబ్ ఫైల్లో 'రెస్పాన్' అని రాసేవాళ్లం. రెండు నిమిషాల్లో పదిసార్లకు మించి పడితే "రెస్పానింగ్ టూ ఫాస్ట్, డిసేబుల్డ్ ఫర్ 5 మినిట్స్" అని కన్సోల్ మీద వచ్చేది. ఐదు నిమిషాలు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఆ పద్ధతి నాకిప్పటికీ ఇష్టం. పూర్తిగా వదిలేయదు, ఊపిరాడనివ్వకుండానూ చేయదు.

చిరుదీపం గారూ, ఫోల్డర్ల సంగతి చూశారా?

చిరుదీపం | రాత్రి 9:48

చూశాను. అన్నిటికంటే పాత ఫోల్డర్ శుక్రవారం రాత్రి 8:58ది! గణితప్రియ గారూ, మీకు దండం.

ఆథ్ లాగ్‌లో 8:51కి నేనే సుడో పెట్టి సర్వీస్ స్టాప్ చేశాను. 8:52కి ప్రోగ్రామ్‌ను సుడోతో చేత్తో నడిపాను. 8:58కి సర్వీస్ స్టార్ట్ చేశాను. ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక కొత్త రకం ఫొటో ఫార్మాట్ పరీక్షించాలని నడిపి, కంట్రోల్-సీ రెండుసార్లు కొట్టి ఆపేశాను. తర్వాత స్టార్ట్ ఇస్తే ఏ ఎర్రరూ రాలేదు. స్టేటస్‌లో పచ్చగా 'యాక్టివ్, రన్నింగ్' అని కూడా చూశాను. అంతా బాగుందనుకుని వెళ్లిపోయాను.

అంటే నేను వేసిన స్టార్టే మొదటి వైఫల్యం. కానీ రూట్‌గా నడిపితే బాగానే నడిచింది, సర్వీస్‌గా ఎందుకు చస్తోంది?

రాత్రికాపలా గారు చెప్పిన పరిమితి కూడా పెట్టి చూశాను, సర్వీస్ సెక్షన్లో స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=300 అని. రీలోడ్ చేసి రెండు నిమిషాలు నడిపాను. పరిమితి తగల్లేదు, మళ్లీ స్టాప్ చేశాను.

పాతకీలు | రాత్రి 10:02

మీరు స్టార్ట్ ఇచ్చినప్పుడు ఎర్రర్ రాకపోవడంలో వింత లేదు. టైప్ సింపుల్ అయితే ప్రాసెస్ పుట్టగానే "అయిపోయింది" అని కమాండ్ తిరిగొచ్చేస్తుంది. అది లోపల సిద్ధమైందా లేదా అని చూడదు. మీరు స్టేటస్ చూసింది అది బతికున్న ఆ సెకను పైచిలుకులో. ఐదు సెకన్లు ఆగి చూసి ఉంటే ఆటో-రీస్టార్ట్ అని కనిపించేది.

పరిమితి తగలకపోవడానికి కారణం సెక్షన్. అది యూనిట్ సెక్షన్లో ఉండాలి. పూర్వం సర్వీస్ సెక్షన్లోనే ఉండేది, సిస్టమ్‌డీ 229లో యూనిట్ సెక్షన్‌కు మార్చారు, 230లో పేరు చివర 'సెక్' చేర్చారు. కొత్త పేరును పాత చోట రాస్తే "అన్‌నోన్ కీ నేమ్" అని జర్నల్లో ఒక వరుస వేసి పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఎక్కడా ఎర్రర్ కనిపించదు కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. యూనిట్ ఫైల్ ముట్టుకున్న ప్రతిసారీ సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై నడపండి, ఇలాంటివి అక్కడే పట్టేస్తుంది.

ఇక అసలు రోగం. రూట్‌గా నడిచి, ఫొటోపని యూజర్‌గా చస్తోందంటే పర్మిషన్ వైపే చూడాలి. ఊహించడం ఎందుకు, దాని నోటే విందాం. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌కు 'రన్‌టైమ్' ఆప్షన్ తగిలించండి. సర్వీస్ సెక్షన్ కింద రీస్టార్ట్=నో, స్టాండర్డ్‌ఎర్రర్=జర్నల్ అని రెండు వరుసలు రాయండి. ఈ మార్పు రన్ డైరెక్టరీలో ఉంటుంది, రీబూట్ అయితే దానంతట అదే పోతుంది. అసలు ఫైల్ చెడదు. ఇప్పుడు స్టార్ట్ చేస్తే ఒక్కసారే పడుతుంది, ఎందుకు పడిందో చెప్పి పడుతుంది.

కొత్తబాట | రాత్రి 10:09

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నాదీ ఇలాంటిదే, కానీ నా సర్వీస్ ఐదుసార్లు చకచకా లేచి "స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ" అని ఆగిపోతోంది. విచిత్రమేమిటంటే ఎగ్జిట్ కోడ్ సున్నా. చేత్తో నడిపితే ప్రోగ్రామ్ చక్కగా పనిచేస్తుంది, టెర్మినల్ కూడా వెంటనే తిరిగొచ్చేస్తుంది. నాదీ టైప్=సింపుల్, రీస్టార్ట్=ఆల్వేస్.

పాతకీలు | రాత్రి 10:15

"టెర్మినల్ వెంటనే తిరిగొచ్చేస్తుంది" అన్నారే, జవాబు అందులోనే ఉంది. మీ ప్రోగ్రామ్ తనలోంచి ఇంకో ప్రాసెస్‌ను పుట్టించి తాను తప్పుకుంటోంది. టైప్ సింపుల్ అని చెప్పారు కాబట్టి తప్పుకున్నదే అసలు ప్రాసెస్ అని సిస్టమ్‌డీ నమ్ముతుంది. పని ముగిసిందనుకుని, మిగిలిన పిల్ల ప్రాసెస్‌ను కూడా చంపి మళ్లీ మొదలుపెడుతుంది. ప్రోగ్రామ్‌కు ఫోర్‌గ్రౌండ్‌లో నడిచే ఆప్షన్ ఉంటే అది పెట్టండి, అదే మంచి పరిష్కారం. లేకపోతే టైప్=ఫోర్కింగ్ పెట్టి, పిడ్ ఫైల్ (ప్రాసెస్ ఐడీ రాసుండే ఫైల్) ఎక్కడుందో చెప్పండి.

కొత్తబాట | రాత్రి 10:22

ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ ఉంది. పెట్టగానే నిలబడింది. రెండు రోజుల నుంచి కొట్టుకుంటున్నాను, చాలా థాంక్స్ అండీ.

చిరుదీపం | రాత్రి 10:37

దొరికింది! ఒక్కసారి నడపగానే జర్నల్లో స్పష్టంగా వచ్చింది: లాక్ ఫైల్ తెరవబోతే "పర్మిషన్ డినైడ్".

రెండు కాపీలు ఒకేసారి నడవకూడదని ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఒక లాక్ ఫైల్ పెడుతుంది, ముగిసేటప్పుడు తీసేస్తుంది. శుక్రవారం సుడోతో నడిపినప్పుడు ఆ ఫైల్ రూట్ పేరు మీద పుట్టింది. నేను కంట్రోల్-సీ రెండుసార్లు కొట్టడంతో తీసేసే కోడ్ దాకా రాలేదు. ఫైల్ అక్కడే మిగిలింది. ఫొటోపని యూజర్ దాంట్లో రాయలేక 41 వేలసార్లు వెనక్కి తిరిగింది.

లాక్ ఫైల్ తీసేశాను, సర్వీస్ నిలబడింది. ఫొటోలు ఒక్కటీ పోలేదు, అన్నీ క్యూలో భద్రంగా ఉన్నాయి. ఇప్పుడవి వరసగా తయారవుతున్నాయి.

ఓడరేవు | రాత్రి 10:50

సంతోషం. కంటైనర్లు వాడేవాళ్ల కోసం ఒక మాట చేరుస్తాను. రీస్టార్ట్ పాలసీ పెడితే డాకర్ 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి ప్రతిసారీ విరామం రెట్టింపు చేస్తుంది, ఒక నిమిషం దగ్గర ఆగుతుంది. కంటైనర్ పది సెకన్లు నిలబడితే మళ్లీ మొదటికి వస్తుంది. కుబర్నెటీస్‌లో 'క్రాష్‌లూప్‌బ్యాకాఫ్' అని కనిపించేది కూడా ఇలాంటిదే, 10 సెకన్ల నుంచి ఐదు నిమిషాల దాకా పెరుగుతుంది. ఒకే కంటైనర్‌కు డాకర్ రీస్టార్ట్ పాలసీ, సిస్టమ్‌డీ రీస్టార్ట్ రెండూ పెట్టకండి. ఒకటి ఆపితే ఇంకొకటి లేపుతుంది, ఎవరు లేపుతున్నారో తెలుసుకోవడానికే మీకు గంట పడుతుంది.

రాత్రికాపలా | రాత్రి 11:04

చిరుదీపం గారూ, ఓపిక ఉంటే ప్రోగ్రామ్‌లో ఒక చిన్న మార్పు చేయండి. ఇప్పుడు ఏ కారణంతో పడినా 1తోనే బయటికి వస్తోంది. పర్మిషన్ లేకపోతే 77, కాన్ఫిగరేషన్ తప్పయితే 78, డేటాబేస్ దొరకకపోవడం లాంటి తాత్కాలిక ఇబ్బందయితే 75 ఇచ్చేలా రాయండి. ఇవి యూనిక్స్‌లో పాత కాలం నుంచి దాదాపు ఆ అర్థాలతోనే ఉన్న కోడ్‌లు. తర్వాత సర్వీస్ సెక్షన్లో రీస్టార్ట్‌ప్రివెంట్‌ఎగ్జిట్‌స్టేటస్=77 78 అని పెట్టండి. పర్మిషన్ తప్పు మళ్లీ ప్రయత్నిస్తే బాగుపడేది కాదు, అందుకని మొదటి దెబ్బకే ఫెయిల్డ్ అయి మెయిల్ వస్తుంది. డేటాబేస్ లేకపోవడం కాసేపు ఆగితే బాగుపడేది, దానికి నలభై ప్రయత్నాలు ఉంటాయి. ఎర్రమందారం గారి బాధకూ ఇది సరిపోతుంది.

టెంప్ ఫోల్డర్లకు ప్రైవేట్‌టెంప్=ఎస్ పెట్టండి. సర్వీస్ ఆగినప్పుడు దాని టెంప్ ఫైళ్లను సిస్టమ్‌డీయే తుడుస్తుంది. చేత్తో పరీక్షించాల్సి వస్తే సుడోకు మైనస్ యూ ఇచ్చి ఫొటోపని యూజర్‌గానే నడపండి.

ఎర్రమందారం | రాత్రి 11:11

ఎగ్జిట్ కోడ్‌లతో విడదీయడం నాకు తట్టలేదు. నావీ ఈ వారం ఇలాగే మారుస్తాను.

చిరుదీపం | బుధవారం రాత్రి 7:30

అన్నీ పెట్టి పరీక్షించాను. లాక్ ఫైల్‌ను కావాలనే రూట్ పేరు మీదకు మార్చి స్టార్ట్ చేస్తే 77తో ఒక్కసారే పడింది, అర నిమిషంలో మెయిల్ వచ్చింది. టెస్ట్ సర్వర్‌లో డేటాబేస్‌ను 12 నిమిషాలు ఆపి ఉంచితే సర్వీస్ ఓపిగ్గా ప్రయత్నిస్తూ, అది రాగానే లేచింది. అరగంట ఆపి చూస్తే ఇరవై నిమిషాలు దాటాక ఫెయిల్డ్ అయి మెయిల్ పంపింది. స్టాండర్డ్‌అవుట్‌పుట్, స్టాండర్డ్‌ఎర్రర్ రెండూ ఇప్పుడు జర్నల్‌కే వెళుతున్నాయి.

ఒక్క సందేహం. అలా పరిమితి తగిలి ఆగాక డేటాబేస్‌ను లేపి చేత్తో స్టార్ట్ ఇస్తే ఒప్పుకోలేదు, మళ్లీ "రిపీటెడ్ టూ క్విక్లీ" అంది.

రాత్రికాపలా | బుధవారం రాత్రి 7:42

మీరు చేత్తో ఇచ్చే స్టార్ట్‌లూ ఆ లెక్కలోకే వస్తాయి. ఇంటర్వల్ గంట కాబట్టి పాత ప్రయత్నాలు ఇంకా లెక్కలోనే ఉన్నాయి. సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్, దాని పక్కన సర్వీస్ పేరు ఇవ్వండి. లెక్క సున్నా అవుతుంది, ఆ తర్వాత స్టార్ట్ ఒప్పుకుంటుంది.

చిరుదీపం | బుధవారం రాత్రి 7:46

ఒప్పుకుంది. ఆ కమాండ్‌ను అలర్ట్ మెయిల్ అడుగునే రాసి పెట్టాను, అర్ధరాత్రి వెతుక్కోకుండా ఉంటుంది. నాకోసం ఇంత టైమ్ ఇచ్చిన అందరికీ మనసారా కృతజ్ఞతలు.